ఈజిప్టు రాజసమాధులలో నరబలి: ఎముకల సాక్ష్యం ఎంతవరకు?

ఈజిప్టు తొలిరాజుల కాలపు సమాధులను సఖారా ఎడారిలో త్రవ్విన బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఎమెరీ తమ నివేదిక రెండవ సంపుటాన్ని 1954లో ప్రకటించారు. అందులో 3504 అనే సంఖ్య గల ఒక పెద్ద సమాధి, దాని చుట్టూ వరుసలుగా ఉన్న 62 చిన్న సమాధుల వర్ణన ఉన్నది. చిన్న సమాధులలోనివారు పెద్ద సమాధి యజమాని పరివారమని, పరలోకంలో కూడా ఆయనను సేవించడానికి వారిని చంపి పంపారని ఎమెరీ అభిప్రాయం. అయితే అస్థిపంజరాలపై ఎక్కడా దెబ్బల జాడ లేదు. పూడ్చిన తరువాత ఎవరూ కదిలినట్టు కూడా కనిపించలేదు. కనుక వారిని సజీవంగా పూడ్చలేదని, ముందే చంపి ఉంటారని, గాయమేదీ లేదు గనుక విషమిచ్చి చంపి ఉంటారని ఆయన ఊహించారు.

ఈ వాదాన్ని మెట్టుమెట్టుగా విడదీసి చూడవలసి ఉన్నది. ఎముకలపై గాయం లేదన్నది కంటితో చూచిన విషయం. విషం సంగతి ఎవరూ చూచినది కాదు. జ్వరంతో పోయినవాని ఎముకలపైన కూడా గాయం ఉండదు. ప్రసవంలో పోయిన స్త్రీ ఎముకలపైన ఉండదు. ముసలితనంలో నిద్రలోనే కన్నుమూసినవాని ఎముకలపైన ఉండదు. గాయం లేకపోవడమనేది ఇన్ని రకాల మరణాలకు సమానంగా సరిపోతుంది. వీటిలోనుంచి విషాన్ని ఒక్కదానినే ఏరి తీయాలంటే, వారిని చంపారన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. అంటే ఋజువు చేయవలసినదానినే ఋజువుగా వాడుకొన్నారన్నమాట. ఎమెరీ సామాన్య పరిశోధకుడు కాడు. ఆయన తీర్పు నిజమే కావచ్చు కూడా. కాని అది ఎముకలు ఇచ్చిన తీర్పు కాదు.

ఈ భేదం పండితులకు మాత్రమే సంబంధించిన సూక్ష్మం కాదు. "ఈజిప్టు తొలిరాజులు మరణించినపుడు సేవకులను బలి ఇచ్చేవారు, అస్థిపంజరాల పరిశీలనవల్ల ఇది ఋజువైనది" అన్న ధోరణి జనరంజక గ్రంథాలలో తరచు కనిపిస్తుంది. ఇటువంటి వాక్యంలో మొదటి సగం చాలవరకు నిజమే కావచ్చు. రెండవ సగం నిజం కాదు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయునికి మొదటి సగంకన్న రెండవ సగమే ముఖ్యమైనది. విద్యార్థి జెర్ రాజు పేరు మరచిపోయినా నష్టం లేదు. ఏది సాక్ష్యమో ఏది కాదో తప్పుగా నేర్చుకొంటే మాత్రం ఆ తప్పు అన్ని పాఠాలలోకి ప్రాకుతుంది. పైగా ఇక్కడ మోపుతున్నది హత్యానేరం. నిందితులు చనిపోయి ఐదువేల ఏండ్లు అయినంతమాత్రాన సాక్ష్యం విషయంలో అలసత్వం కూడదు.

అసలు కథ సఖారాలో కాదు, అక్కడికి చాలా దూరంలో, దక్షిణాన నైలునది పడమటి ప్రక్క ఎడారిలో ఉన్న అబిడోస్‌లో మొదలవుతుంది. క్రీ. పూ. 3000 ప్రాంతంలో ఈజిప్టు నంతటినీ ఏలిన మొదటి రాజవంశపువారి సమాధులు అక్కడ ఉమ్ ఎల్ ఖాబ్ అనే చోట ఉన్నవి. ఆ అరబ్బీ పేరుకు కుండలతల్లి అని అర్థం. తరువాతి యుగాల భక్తులు కానుకలుగా తెచ్చిపెట్టిన మట్టిపాత్రల పెంకులు గుట్టలుగా పడి ఉండడంవల్ల ఆ పేరు వచ్చినది. అక్కడ రాజు సమాధి చుట్టూ పచ్చి ఇటుకలతో కట్టిన చిన్న చిన్న గదులు బారులు తీరి ఉంటవి. ఒక్కొక్క గదిలో సామాన్యంగా ఒక్కొక్క మనిషి. అహా అనే రాజు సమాధి ప్రక్కన ఇటువంటివి ముప్పైకి పైగా ఉండగా, అతని తరువాతివాడైన జెర్ సమాధి చుట్టూ మూడు వందలకు పైగా ఉన్నవి. ఇదిగాక ఈ రాజులు పంటభూముల అంచున ఒక్కొక్క పెద్ద ప్రాకారం కూడా కట్టించుకొన్నారు. జెర్ ప్రాకారం చుట్టూ మరి 269 సమాధులు లెక్కకు వచ్చినవి. రెండుచోట్లవీ కలిపితే ఒక్క రాజు పేరున దాదాపు ఆరువందల మంది! తరువాత ఈ సంఖ్య తగ్గుతూ వచ్చి, వంశంలో చివరివాడైన కాఆ సమాధి దగ్గర 26కు దిగినది. రెండవ రాజవంశంతో ఈ ఆచారం ఇంచుమించు అంతరించినది.

ఇంతమంది ఉన్నపుడు ఎముకలకు కొరత ఏమిటని అనిపించవచ్చు. కొరతే ఉన్నది. సమాధులను పూర్వమే దొంగలు దోచారు. కొన్నింటిని నిప్పు కాల్చినది. 1895 నుండి 1898 వరకు ఫ్రెంచి పండితుడు ఆమెలినో తొందర తొందరగా త్రవ్వి, తనకు విలువైనవిగా తోచిన వస్తువులు తీసుకొనిపోయాడు. ఆయన వదలిన చోటనే 1899లో మొదలుపెట్టి ఫ్లిండర్స్ పీట్రీ రెండు ఋతువులు పనిచేసి, పెంకుముక్కనుకూడా వదలకుండా పటంలో గుర్తించారు. అయినా ఎముకల పట్ల ఆ కాలపు దృష్టి ఎటువంటిదో ఒక్క సంఘటన చెబుతుంది. 1901లో జెర్ సమాధి గోడ కంతలో ఒక చేయి దొరికినది. నారబట్ట చుట్టిన ఆ చేతికి బంగారం, నీలాలవంటి రాళ్ళు పొదిగిన నాలుగు కంకణాలు ఉన్నవి. ఏ దొంగయో దాచి, తిరిగి వచ్చి తీసుకోలేకపోయి ఉంటాడు. పీట్రీ దానిని జాగ్రత్తగా కైరో మ్యూజియానికి పంపగా, అక్కడి అధికారి బ్రుగ్ష్ కంకణాలు ఉంచుకొని చేతిని, బట్టను పారవేశాడు. ఈజిప్టులో దొరికిన రాజకుటుంబపు శరీరభాగాలలో అతి ప్రాచీనమైనదేమోనన్న ఆ చేయి నేడు ఒక ఛాయాచిత్రంగా మాత్రమే మిగిలినది. రాజసమాధిలో దొరికిన చేతికే ఆ గతి పట్టినపుడు సేవకుల ఎముకల సంగతి చెప్పనక్కరలేదు. కనుక నేడు పరిశీలనకు అందుతున్నవి పూర్తి సమూహం కాదు. దొంగలు, నిప్పు, తొలి త్రవ్వకాలవారు వదలిపెట్టిన శేషం. శేషాన్నిబట్టి మొత్తం గురించి చెప్పే ఏ మాటనైనా ఈ లోటును గుర్తుంచుకొనే వినాలి.

ఇక దొరికిన ఎముక ఏమి చెప్పగలదు? చాలా చెప్పగలదు. కటి ఎముకలనుబట్టి స్త్రీయో పురుషుడో తెలుస్తుంది. పళ్ళు, ఎముకల చివరలు కలిసిన తీరునుబట్టి వయస్సు తెలుస్తుంది. చిన్నవారిలో ఇది రెండు మూడేండ్ల తేడాలోనే తేలుతుంది, నడివయస్సు దాటినవారిలో పది పదిహేనేండ్ల తేడా రావచ్చు. చిన్ననాటి ఆకలి, రోగం పంటి పింగాణీపై గీతలుగా మిగులుతవి. గాయం విషయంలో మూడు దశలను గుర్తిస్తారు. గాయం తగిలిన తరువాత మనిషి కొన్ని వారాలు బ్రతికితే ఎముక అంచులు నున్నబడి, గుండ్రబడి, క్రొత్త ఎముక పెరగడం కనిపిస్తుంది. మరణసమయంలో తగిలితే అంచులు వాడిగా ఉంటవి, మానిన గుర్తు ఉండదు. పచ్చి ఎముక పచ్చికట్టెవలె సాగి చీలుతుంది. మరణించిన ఎన్నో ఏండ్లకు విరిగితే ఎండుపుల్లవలె పెళుసుగా విరుగుతుంది, విరిగినచోటి రంగు తక్కిన ఎముక రంగుకన్న తేలికగా ఉంటుంది. త్రవ్వేవాని పార తగిలిన గాటును ఈ రంగుతోనే పట్టుకొంటారు.

చెప్పలేనిదీ చాలా ఉన్నది. మెత్తని భాగాలలోనే ఆగిపోయిన కత్తిపోటు ఎముకపై కనిపించదు. గొంతుకోత కూడా వెన్నుపూసవరకు దిగితేనే గుర్తు మిగులుతుంది. ముక్కు నోరు మూసి చంపితే ఏ గుర్తూ ఉండదు. మెడ నులిమితే నాలుక మొదట ఉండే చిన్న ఎముక విరగవచ్చునంటారు. కాని చాలా సందర్భాలలో విరగదు, చిన్న వయస్సువారిలో మరీ అరుదు, పైగా పాత సమాధులలో ఆ సన్నని ఎముక దొరకడమే కష్టం. మరణసమయం అన్న మాటలో కూడా ఒక మెలిక ఉన్నది. ప్రాణం పోవడానికి గంట ముందు పడిన గాటుకు, పోయిన మరునాడు పడిన గాటుకు తేడా ఎముకపై తెలియదు. ఎముక అప్పటికింకా పచ్చిగానే ఉంటుంది. అంటే చంపిన కత్తి, శవాన్ని కోసిన కత్తి ఒకే రకం గాటును వదలుతవి.

ఈ మెలికను గుర్తించనందువల్ల వచ్చిన చిక్కు పీట్రీ వంటి దిట్టకే తప్పలేదు. 1895లో ఆయన ఎగువ ఈజిప్టులో నకాడా వద్ద రాజవంశాలకు పూర్వపు శ్మశానాన్ని త్రవ్వుతుండగా, టి 5 అని గుర్తుపెట్టిన సమాధిలో చిందరవందరగా పేర్చిన ఎముకలు కనిపించినవి. కొన్నింటి చివరలు విరిగి, లోపలి మూలుగ తోడివేసినట్టున్నది. ఆచారపూర్వకంగా మృతులను భక్షించిన జాడ ఇది అని ఆయన భావించారు. అసలు ఆ శ్మశానమే ఈజిప్షియన్లది కాదని, బయటినుండి వచ్చిన ఒక క్రొత్తజాతిదని కూడా అప్పుడు నమ్మారు. క్రొత్తజాతి వాదం కొద్ది ఏండ్లలోనే కూలిపోయినది. వారు ఈజిప్షియన్ల పూర్వులే అని తేలి, పీట్రీ కూడా అంగీకరించారు. మూలుగ సంగతిమాత్రం ఎటూ తేలకుండా మిగిలినది. విరిగిన ఎముక చివరలను పురుగులు, నక్కలు, తేమ, కాలము ఎట్లా తొలుస్తవో నాడు ఎవరూ ప్రయోగం చేసి చూడలేదు. విచిత్ర జాతి అని ముందే అనుకొన్నవారికి విచిత్రమైన ఆచారం కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నకాడాలోని అనుమానంతో పోలిస్తే తరువాత దొరికిన కత్తిగాట్లు ఎంతో గట్టి సాక్ష్యం. రాజధానులు ఏర్పడకముందు ఎగువ ఈజిప్టులో పెద్ద పట్టణంగా వెలసిన హీరాకాన్‌పోలిస్‌లో, సామాన్య జనుల శ్మశానం ఒకటి 1996 నుండి రెనీ ఫ్రీడ్‌మన్ నాయకత్వాన త్రవ్వబడినది. దాని కాలం క్రీ. పూ. 3600 ప్రాంతం. నాలుగు వందలకు పైగా మనుష్యులను అక్కడ పూడ్చారు. వారిలో ఇరవై మంది వరకు స్త్రీ పురుషుల మెడ వెన్నుపూసలపై సన్నని కోతగీతలు ఉన్నవి. కొందరి పుర్రెలపై నెత్తిచర్మం ఒలిచిన గుర్తులు కూడా కనిపించినవి. ఈ గీతలు పార గాట్లు కావు, నక్కపళ్ళ గాట్లు కావు. పచ్చి ఎముకపై వాడి అంచుగల పనిముట్టు నడచిన జాడలు. దక్షిణాననే ఉన్న అదైమా శ్మశానంలో పనిచేసిన ఫ్రెంచి పరిశోధకులు బెయాత్రిక్స్ మిదాఁ రేన్, ఎరిక్ క్రూబెజీ కూడా ఇటువంటి గుర్తులనే కొద్దిమందిలో కనుగొని, గొంతుకోసి తరువాత తల వేరుచేసినట్టుగా వివరించారు. నరబలికి ఇవి నిదర్శనాలని వారు 2000లో వ్రాశారు.

హీరాకాన్‌పోలిస్ నిపుణులు మాత్రం కొంత వెనుకాడారు. ఆ వెనుకంజ మెచ్చదగినది. తలను వేరు చేశారన్నది స్పష్టం. ఎందుకు చేశారన్న ప్రశ్నకు మూడు నాలుగు సమాధానాలున్నవి. అది బలి కావచ్చు. నేరస్థులకు విధించిన శిక్ష కావచ్చు. మరణించిన తరువాత శవాన్ని విడదీసి మళ్ళీ కూర్చే అంత్యక్రియ కావచ్చు. రాజవంశాలకు పూర్వపు ఈజిప్టులో విడదీసిన శవాలు గెర్జే మొదలైన శ్మశానాలలో కూడా దొరికినవి. హీరాకాన్‌పోలిస్‌లోనే కొందరి తలను, చేతులను నారబట్టతో దట్టంగా చుట్టి రాళ్ళవలె గట్టిపడే జిగురు పూసినట్టు కనుగొన్నారు. శవాన్ని ఇంత శ్రద్ధగా చూచుకొనే జనం మధ్య ఈ కోతలకు అర్థం ఏమిటో తేల్చడం సులభం కాదు. కోయబడినవారిని తక్కినవారితోపాటు అదే శ్మశానంలో పూడ్చారన్నది కూడా గమనించాలి. శత్రువు శవానికి, నేరస్థుని శవానికి ఆ మర్యాద ఎల్లప్పుడూ దక్కదు. అయితే ఎన్నడూ దక్కదని కూడా చెప్పలేము. ఇక్కడ ఎముక తన పని పూర్తిగా చేసినది. కత్తి తగిలినదని, ఎక్కడ తగిలినదో, ఎన్నిమార్లు తగిలినదో చెప్పినది. కత్తి పట్టినవాని మనస్సు ఎముకపై లేదు.

మళ్ళీ అబిడోస్‌కు వస్తే, అక్కడి రాజపరివారంలో కత్తిగాట్ల సమస్యే లేదు. అహా ప్రాకారం ప్రక్కన ఇటీవలి త్రవ్వకాలలో దొరికిన అస్థిపంజరాలను చూచిన భౌతిక మానవ శాస్త్రజ్ఞురాలు బ్రెండా బేకర్‌కు హింస జాడలు కనిపించలేదు. సఖారాలో ఎమెరీకి ఎదురైన పరిస్థితే ఇది. అక్కడ విషం వచ్చి చేరితే, ఇక్కడ మెడనులుముడు వచ్చి చేరినది. దానికి ఆధారం పళ్ళ రంగు. అబిడోస్ పరివార సమాధుల ఎముకలను పరిశీలించిన కెనడా శాస్త్రజ్ఞురాలు నాన్సీ లోవెల్, కొందరి పళ్ళలో కనిపించిన గులాబిరంగు మెడనులిమి చంపినందువల్ల కలిగి ఉండవచ్చునని సూచించారు. ఈ సూచన ఆకర్షకంగా ఉన్నందున ఎంతో ప్రచారం పొందినది. కాబట్టి దీనిని నిదానంగా చూడడం అవసరం.

గులాబిపళ్ళ సంగతి వైద్యులకు క్రొత్తది కాదు. ఉరిపడినవారిలో, నీట మునిగినవారిలో ఈ రంగును చూచినట్టు ఇంగ్లీషు దంతవైద్యుడు థామస్ బెల్ 1829లోనే వ్రాశాడు. దాని కారణం ఇది. పంటి నడుమ మెత్తని గుజ్జులో సన్నని రక్తనాళాలుంటవి. మెడ బిగిసినపుడు తలకెక్కిన రక్తం దిగలేక ఒత్తిడి పెరిగి ఆ నాళాలు చిట్లుతవి. ఎర్రకణాలు పగిలి వాటిలోని హీమోగ్లోబిన్, గుజ్జు చుట్టూ ఉన్న డెంటిన్ అనే గట్టిపొరలోని సూక్ష్మమైన గొట్టాలలోకి ఇంకుతుంది. పైనున్న పింగాణీ పారదర్శకం గనుక లోపలి రంగు బయటికి గులాబిగా కనిపిస్తుంది. ఇంతవరకు తర్కం చక్కగానే ఉన్నది.

తరువాతి నేరపరిశోధక వైద్యులు వందలాది శవాలను చూచిన మీదట కథ మారినది. గులాబిరంగు మెడనులిమినవారిలో మాత్రమే కాదు, నీటిలో చాలాదినాలు నానినవారిలో, తేమగల చోట కుళ్ళినవారిలో, తల వాలుగా పడి రక్తం అటు దిగినవారిలోకూడా వస్తుంది. మెడనులిమి చంపబడినవారిలో ఎందరికో రానే రాదు. పంటిగుజ్జు పెద్దదిగా ఉండే చిన్న వయస్సువారిలో ఎక్కువ. కనుక ఈ రంగునుబట్టి మరణకారణాన్ని చెప్పరాదన్నది నేడు ఆ శాస్త్రంలో సాధారణంగా ఒప్పుకొన్న మాట. నిన్న మొన్న మరణించినవాని విషయంలో న్యాయస్థానం అంగీకరించని సాక్ష్యాన్ని ఐదువేల ఏండ్ల నాటివాని విషయంలో ఎట్లా అంగీకరించడం? ఇంకొక ప్రశ్న కూడా ఉన్నది. ఆ రంగు అసలు రక్తంనుండి వచ్చినదేనా, లేక నేలలోని మరేదైనా పదార్థం ఇంకినదా? దీనికి రసాయన పరీక్ష కావాలి. పరీక్షతోపాటు పోలిక కూడా కావాలి. అదే ఎడారిలో, అదే కాలంలో సహజంగా మరణించిన సామాన్యుల పళ్ళలో ఆ రంగు ఎంతమందికి ఉన్నదో లెక్కతీయాలి. అక్కడ కూడా అంతే ఉంటే వాదం అంతటితో ముగుస్తుంది. అక్కడ లేక, పరివార సమాధులలోనే ఉంటే అప్పుడు దానికి బలం వస్తుంది. ప్రయోగశాలలో రెండు గాజుగొట్టాలు పెట్టి, ఒకదానిలో మాత్రమే ఆమ్లం కలిపి తేడా చూపించే ఉపాధ్యాయునికి ఈ రెండవ గొట్టం ఎందుకో చెప్పనక్కరలేదు. లోవెల్ వ్రాసినది సూచన అని మరువరాదు. దానిని ఋజువుగా మార్చినవారు తరువాత చెప్పుకొన్నవారు.

అయితే అబిడోస్ వాదం కూలిపోయినట్టేనా? కాదు. దానిని నిలబెట్టినది మన్ను. అమెరికా విశ్వవిద్యాలయాల బృందం డేవిడ్ ఓకానర్, మాథ్యూ ఆడమ్స్ ఆధ్వర్యాన ఈ శతాబ్ది తొలి ఏండ్లలో అహా ప్రాకారాన్ని కనుగొన్నది. దాని ప్రక్కన ఆరు పరివార సమాధులున్నవి. వాటి పైకప్పులను మూసివేసిన మట్టిపూత అన్నింటి మీదుగా ఒకే విడతలో వేసినది. ఒక్కొక్క మనిషి తనకు చావు వచ్చినపుడు చచ్చి, ఒక్కొక్కసారి పూడ్చబడితే, ప్రతిసారీ కప్పు తెరచి, మళ్ళీ పూత వేయాలి, అతుకులు కనిపించాలి. అతుకులు లేవు. ఉమ్ ఎల్ ఖాబ్‌లో సెమెర్ఖేత్, కాఆ రాజుల సమాధులలో కూడా ఇటువంటి సాక్ష్యమే ఉన్నది. అక్కడ పరివారపు గదులు రాజు గదిని ఆనుకొని ఉండి, అన్నింటినీ కలిపి ఒకే కట్టడం కప్పినట్టున్నది. రాజును పూడ్చి మూసిన తరువాత సేవకుణ్ణి లోపలికి చేర్చే దారి లేదు. రాజుకు ముందే అందరూ సహజంగా మరణించారనడం, పైగా రాజు తరువాత రాజు విషయంలో అట్లాగే జరిగినదనడం నమ్మశక్యం కాదు. అంటురోగం ఒకసారి రావచ్చు. ప్రతి రాజు మరణానికీ ముహూర్తం పెట్టుకొని రాదు.

ఈ కట్టడపు సాక్ష్యాన్ని మొదట శ్రద్ధగా తూచినవాడు అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుడు జార్జి రైస్నర్. 1936లో ఈజిప్టు సమాధుల పరిణామంపై ఆయన వెలువరించిన గ్రంథంలో, పరివార సమాధులన్నింటినీ ఒకే గాట కట్టలేదు. రాజుతోపాటే మూయక తప్పని స్థితిలో ఉన్నవేవో, విడిగా ఎప్పుడైనా పూడ్చడానికి వీలున్నవేవో వేరుచేసి లెక్కవేశారు. రెండవ రకం సమాధులలోనివారు రాజుకన్న ముందో తరువాతో తమంతట తాము మరణించి, రాజు నీడన చోటు సంపాదించుకొని ఉండవచ్చు. జెర్ చుట్టూ ఉన్న వందలాది మందిని ఒక్కరోజున చంపారనే మాట ఈ విభజన తెలియనివారి మాట.

ఇటువంటి చోటనే ఎముక తన అసలు ఉపయోగం చూపుతుంది. ఏ ఒక్క అస్థిపంజరమూ చెప్పలేనిది సమూహం చెబుతుంది. ఏ ఊరి శ్మశానంలోనైనా పసిపిల్లలు, ముసలివారు ఎక్కువగా ఉంటారు. పదిహేను నుండి పాతికేండ్లవారు తక్కువ. మృత్యువు సహజంగా ఏరుకొనే తీరు అది. అహా సమాధి ప్రక్కన దొరికిన ఎముకలలో ఎక్కువభాగం ఇరవై, ఇరవైఅయిదు ఏండ్ల యువకులవి. ఆ వయస్సు పురుషులు ఒక్కచోట అంతమంది చేరడానికి యుద్ధమో, విపత్తో, మనుష్యులు పూనుకొని ఏరడమో కారణం కావాలి. రాజు అంగరక్షకులు యువకులే కదా అని ఆక్షేపణ చెప్పవచ్చు. నిజమే, కాని అంగరక్షకులు యువకులుగా ఉండడం వేరు, యువకులుగానే అందరూ మరణించడం వేరు. అదే చోట పిల్ల సింహాల ఎముకలు కూడా దొరికినవి. వాటికీ రోగం వచ్చినదనుకోవాలా? మట్టిపూత, కప్పు, వయస్సుల లెక్క ఈ మూడూ ఒకదానికొకటి తోడైనపుడు బలి అన్న నిర్ణయం దాదాపు తప్పనిదవుతుంది. గులాబిపళ్ళు లేకపోయినా దానికి లోటు లేదు. విషం లేకపోయినా లేదు. ఎట్లా చంపారో తెలియకుండానే చంపారని చెప్పగలగడం ఈ వాదంలోని విశేషం.

రైస్నర్‌ను మెచ్చుకొన్న చోటనే ఆయన పొరపాటును కూడా చెప్పాలి. తెలుగు పాఠకులకు అది ఆసక్తికరం, ఎందుకంటే దానిలో భారతదేశపు మాట ఒకటి ఇరుక్కొని ఉన్నది. 1913 నుండి 1916 వరకు ఆయన ఈజిప్టుకు దక్షిణాన, నేటి సూడానులోని కెర్మా వద్ద పెద్ద మట్టిదిబ్బ సమాధులను త్రవ్వారు. ఒక దిబ్బ నడుమ నడవాలోనే 322 మంది అవశేషాలు లెక్కకు వచ్చినవి. వారిని సజీవంగానే పూడ్చారని ఆయన నమ్మారు. 1923లో వెలువడిన నివేదికలో వీటికి ఆయన పెట్టిన పేరు సతీసమాధులు! మన దేశపు సహగమనంతో పోల్చి, ఇంటి యజమానితో కుటుంబం, పరివారం కూడా తామై కదలివచ్చారన్న భావంతో ఆ పేరు పెట్టారు. కెర్మాను ఆయన ఈజిప్టు గవర్నరుల నివాసంగా కూడా భావించారు. అది స్వతంత్రమైన నూబియన్ రాజ్యానికి రాజధాని అని తరువాతి పరిశోధన నిరూపించినది. స్థలం గురించిన తప్పు దిద్దబడినది గాని, పేరులోని తప్పు చాలాకాలం చెలామణి అయినది.

సతి అన్న మాట అక్కడి ఎముకలకు రెండు విషయాలు అంటగడుతుంది: ఒకటి, చనిపోయినది భార్య అని, రెండు, తన ఇష్టంతో పోయినదని. కెర్మా నడవాలో స్త్రీలతోపాటు పురుషులు, పిల్లలు కూడా ఉన్నారు. ఇక ఇష్టం సంగతి. మన దేశంలో సహగమనానికి కంటితో చూచినవారి వ్రాతలు, కాగితాలు, 1829 నాటి నిషేధశాసనానికి ముందు వెనుక జరిగిన వాదోపవాదాలు అన్నీ ఉన్నవి. అయినా ఫలానా వితంతువు తనంతట తాను చితి ఎక్కినదా, ఎక్కించారా అన్నది తేలక తగవులాడినవారెందరో! సాక్షులున్న చోటనే తేలనిది, లిపియే లేని కెర్మాలో ఎముక తేల్చునా? 2009లో మార్గరెట్ జడ్, జోయెల్ ఐరిష్ ఈ ప్రశ్నలో తేలగల భాగాన్ని మాత్రం విడదీసి పరిశీలించారు. నడవాలోనివారు యుద్ధంలో పట్టుకొన్న విదేశీ బందీలా, స్థానికులా? పళ్ళలో తరతరాలుగా సంక్రమించే చిన్న చిన్న ఆకృతి భేదాలను తక్కిన శ్మశానంలోనివారితో పోల్చగా, వారు స్థానిక జనానికి దగ్గరివారేనని తేలినది. బందీలన్న వాదం దీనితో బలహీనపడినది. ప్రశ్నను ఎముక జవాబు చెప్పగలిగే కొలతకు కుదించడం ఈ పరిశోధనలోని మంచి గుణం. అయితే స్థానికులు కాబట్టి ఇష్టపూర్వకంగా మరణించారని ఇక్కడినుండి ఎవరైనా దూకితే, అది మళ్ళీ ఎమెరీ విషం వంటిదే. సొంత ఊరివాడు సొంత ఊరివానిని బలవంతపెట్టిన సందర్భాలకు చరిత్రలో కొదవ లేదు.

మొదటి రాజవంశంతో పరివారబలి పోయినా, బలి అన్న అనుమానానికి తావిచ్చే సందర్భం తరువాత కూడా ఒకటి ఉన్నది. నూబియాలో ఈజిప్షియన్లు కట్టిన మిర్గిస్సా కోట దగ్గర, 1960 తరువాతి ఏండ్లలో ఫ్రెంచివారు త్రవ్వుతుండగా పన్నెండవ రాజవంశపు కాలపు గుంత బయటపడినది. శత్రువుల పేర్లు వ్రాసి పగులగొట్టిన కుండలు, ఒక మట్టిపాత్రపై బోర్లించిన మనిషి పుర్రె, దగ్గరలోనే చెకుముకిరాయి కత్తి, కరగిన ఎర్రమైనపు గుర్తులు, కొద్ది దూరంలో తలలేని మొండెం. ఇక్కడ కూడా వెన్నుపూస ఒంటరిగా సాక్ష్యం చెప్పడం లేదు. శాపాక్షరాలు, కత్తి, మైనం, పుర్రె ఉంచిన తీరు అన్నీ కలిసి చెబుతున్నవి. ఇదే ఎముక ఒక మామూలు గుంతలో దొరికి ఉంటే, శిరశ్ఛేదం జరిగినదన్న ఒక్క ముక్కతో నివేదిక ముగిసి ఉండేది. చిత్రాల సహాయం తీసుకొందామంటే అదీ అంత సులభం కాదు. మొదటి వంశపు చిన్న ఫలకాలపై కూర్చున్న మనిషి రొమ్మువైపు మరొకడు మొనగల పనిముట్టు గురిపెట్టిన దృశ్యం ఉన్నది. అది నరబలి అని కొందరు, ఊపిరాడనివానికి గొంతులో రంధ్రం చేసే వైద్యం అని మరికొందరు వాదించారు!

అబిడోస్‌లో ఇంకా మిగిలిన పని ఒకటి ఉన్నది. పరివార సమాధులకు చిన్న చిన్న రాతిఫలకాలు ఉండేవి. వాటిపై లోపలివారి పేర్లు చెక్కి ఉన్నవి. రాజాస్థానంలోని మరుగుజ్జుల పేర్లున్నవి, స్త్రీల పేర్లున్నవి, రాజుగారి కుక్కల పేర్లు కూడా ఉన్నవి. ఆమెలినో, పీట్రీల త్రవ్వకాలలో బయటపడిన ఈ ఫలకాలు ఒక్కొక్కటి ఒక్కొక్క దేశపు మ్యూజియానికి చేరినవి. ఏ రాయి ఏ గది ముందరిదో చాలావాటికి తెలియదు. ఆ గదులలోని ఎముకలు కొన్ని పెట్టెలలో ఉన్నవి, కొన్ని ఎడారి ఇసుకలో కలిసి ఉన్నవి, కొన్ని ఎక్కడా లేవు. పేరున్నవారికి దేహం లేదు, దేహమున్నవారికి పేరు లేదు.